పిల్లలకోడి ఎందుకు పొడుస్తుంది?

ఒకప్పుడు కోడిపెట్టలకు కోపమంటే ఏమిటో తెలియదు. కొట్లాటలన్నీ పుంజులవే. గద్ద వచ్చిందంటే పెట్టలన్నీ తల నేలకు ఆనించి కళ్లు మూసుకునేవి. అది ఒక పిల్లను తన్నుకుపోయాక కళ్లు తెరిచి, పోయింది ఎవరి పిల్లో వెతుక్కునేవి. పైగా దాన్ని మర్యాద అనేవి. ఏం మర్యాదో ఏమో!

ఆ గుంపులో చుక్కలపెట్ట మహా పిరికిది. ముక్కు దగ్గరి నూకలు లాక్కున్నా నోరెత్తదు. ఆ వేసవిలో అది పదకొండు గుడ్లను ఇరవైయొక్క రోజులు పొదిగింది. సరిగా తిండి లేదు, నీళ్లు అంతంతమాత్రం. పొట్ట కింద ఈకలు రాలిపోయి ఒళ్లు నిప్పులా కాలింది. ఇంతా చేస్తే పది గుడ్లు మురిగిపోయాయి. ఒక్కటే పిల్లయింది.

మూడోనాడు పొద్దున పెంటకుప్ప దగ్గర గింజలు ఏరుతుంటే నేల మీద నీడ తిరిగింది.

"గద్ద! తలలు దించండి!" అని ముసలిపెట్ట కేక వేసింది.

అన్నీ దించాయి. చుక్కలపెట్ట మాత్రం పుంజు దగ్గరికి పరుగెత్తింది. "మావా, రోజూ పోట్లాడతావుగా! కాస్త దీన్ని ఆపు."

"నా పోట్లాట పుంజులతోనే. గద్దతో నాకేం పని?" అంటూ పుంజు గాదె కిందికి దూరింది.

నీడ ఇంకో చుట్టు తిరిగింది. ఈసారి బాగా కిందికి దిగింది.

"తల దించవే అమ్మాయ్! ఒక్కదానితో పోతుంది" అంది ముసలిపెట్ట.

"నాకున్నది ఒక్కటే అత్తా!"

ఆ మాట అనేసరికి పొట్ట కింది వేడి గొంతులోకి ఎక్కింది. భయం పోలేదు. అయినా ఒంటి మీది ఈకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. పిల్లను వెనక్కి నెట్టింది. గద్ద గోళ్లు చాచి దిగగానే ఎగిరి దాని మొహం మీద తన్నింది. కంటి పక్కన కసుక్కున పొడిచింది. పుట్టి బుద్ధెరిగాక గద్ద దెబ్బ తినడం అదే మొదలు. ఈకలు రాల్చుకుంటూ ఎటుపడితే అటు ఎగిరిపోయింది.

ముసలిపెట్ట కళ్లు తెరిచి, "ఆడపుట్టుక పుట్టి ఇదేం రౌద్రమే?" అంది.

చుక్కలపెట్ట రొప్పుతూ పక్కకు జరిగింది. వెనక పిల్ల కిచకిచమంది. ముసలిపెట్ట దాన్ని చూసింది. తను తల దించుకున్నప్పుడు పోయిన పిల్లలన్నీ గుర్తొచ్చి ఏడ్చేసింది.

అప్పటినుంచే పొదిగిన ప్రతి పెట్టకూ ఆ వేడి ఒంట్లో నిలిచిపోతోంది. పిల్లలు ఎదిగేదాకా గద్దనే కాదు, రోజూ నూకలు వేసే మనల్నీ పొడవడానికి వస్తుంది. మీరూ పొడిపించుకుంటే, దాన్ని మాత్రం తిట్టకండి.