కాలు చూడని వైద్యుడు

మద్దికొండ అడవిలో దుప్పులు, కుందేళ్లు, కొండముచ్చులు ఉండేవి. అక్కడ గంభీరుడనే ఎలుగుబంటి మనసుకు వైద్యం చేసేవాడు.

అతనిది ఒక పద్ధతి. రోగి బండ మీద పడుకొని, ఎదుటి కొండను చూస్తూ, కలలూ చిన్ననాటి సంగతులూ చెప్పాలి. గంభీరుడు వెనుక కూర్చుని వినేవాడు. రోగి వైపు చూసేవాడు కాదు. దిగులుతో వచ్చిన కుందేళ్లకు అలా చెప్పుకుంటే గుండె బరువు తగ్గేది. దానితో తనకు అంతుపట్టని రోగం లేదని అతనికి గర్వం పట్టింది.

ఆ వేసవిలో వాగు ఎండిపోసాగింది. దుప్పుల మంద కొండ దాటి ఏటికి వెళ్లాలి. చంటిపిల్ల తల్లి గోరింట అనే దుప్పి కుంటుతూ గంభీరుడి దగ్గరకు వచ్చింది.

"కాలు నొప్పిగా ఉందయ్యా. కొండ ఎక్కలేను."

"కాలి సంగతి వదిలెయ్. మీ అమ్మ గురించి చెప్పు."

"నా చిన్నప్పుడే పులి ఎత్తుకుపోయింది."

"అదీ సంగతి! ఆనాడు అమ్మ వెంట పరుగెత్తలేకపోయావు. ఆ బాధే ఈ కుంటుడు."

గోరింట ఏడ్చింది. రోజూ వచ్చి చెప్పుకుంది. కాలు మాత్రం వాచింది.

"ఏమ్మా, మీ ముత్తవ్వ దాకా వచ్చిందా కథ? కాలి దాకా ఎప్పుడొస్తుందట?" అని కొండముచ్చు ఎగతాళి చేసింది.

గోరింట భయపడి, "అయ్యా, ఒక్కసారి కాలు చూడండి" అని వేడుకుంది.

"చూడమంటున్నావంటే మనసులోది దాస్తున్నావన్నమాట. అదే నీ రోగం" అన్నాడు గంభీరుడు.

పెద్దవాడు చెప్పాడు కదా అని గోరింట నమ్మింది.

మంద బయలుదేరే రోజు వచ్చింది. మందకు పెద్దదైన నేరేడు అనే దుప్పి గోరింట కాలు పట్టి చూసింది. గిట్టల సందున తుమ్మముల్లు విరిగి ఉంది. పళ్లతో లాగితే చీము కారింది. విషం అప్పటికే తొడ దాకా పాకింది.

"నాకెందుకు చూపించలేదే పిచ్చిదానా?"

"తప్పయింది అక్కా. పిల్లను నీతో తీసుకుపో."

మందను సాగనంపడానికి వచ్చిన గంభీరుడు అప్పుడు కూడా, "వెళ్లాలని నీకే లోపల ఇష్టం లేదు" అన్నాడు.

"బిడ్డను పంపేసి ఉండిపోవాలని ఏ తల్లికి ఉంటుందయ్యా?" అంది గోరింట.

అతను తలవంచుకున్నాడు. పిల్ల వెనక్కి చూస్తూ చూస్తూ కొండ ఎక్కింది. ఎండిన వాగు పక్కన గోరింట ప్రాణం విడిచింది.

వానలు పడ్డాక మంద తిరిగి వచ్చింది. గంభీరుడి బండ వైపు ఎవరూ పోలేదు. నేరేడు మాత్రం తల్లి లేని పిల్లను పెంచుతూ, రోజూ దాని నాలుగు కాళ్లూ ఎత్తి చూసేది.

నీతి: బాధను వినడం మంచిదే, కానీ తన ఊహే నిజమని కళ్లెదుటి గాయాన్ని చూడనివాడు వైద్యుడు కాడు.