కూర్చుని నిద్రపోయిన బాలింత

శిష్యులు ఏది అడిగినా డాక్టర్ మృణాళిని వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చేతిలో పని ముగించి, చేతులు కడుక్కున్నాకే నోరు విప్పేవారు. ఆ రోజు ఓపీ అయిపోయాక, కొత్తగా చేరిన డాక్టర్ విశారద అడిగింది: "మేడమ్, రోగి చెప్పేదాన్ని ఎంతవరకు నమ్మాలి?"

జవాబుగా ఆమె, శ్రీకాకుళం వైపు ఒక చిన్న ఆసుపత్రిలో తన ఉద్యోగం మొదలైన ఏడాది జరిగింది చెప్పారు.

నేతపని చేసే చిన్నమ్మడు అప్పటికి పదకొండు రోజుల బాలింత. బయట వరండా నిండా జనం. "తొంగుంటే ఊపిరాడతల్లేదమ్మా. గోడకి ఆనుకుని కూకునే నిద్దరోతన్నాను" అంది. కాళ్లు వాచాయని కుచ్చిళ్లు కాస్త ఎత్తి చూపబోయింది. మృణాళిని ఆమె కనురెప్పలు కిందికి లాగి చూశారు. పాలిపోయి ఉన్నాయి. "బాలింత నీరసం, రక్తం తక్కువ" అని ఐరన్ మాత్రలు రాశారు.

"నీరసం కాదమ్మా" అంది చిన్నమ్మడు, లేవకుండా. అప్పటికే ఇంకొకరిని పిలిచేశారు.

మూడో రోజు పొద్దున భర్త అప్పలసూరి ఆటోలో తెచ్చాడు. ఆమె నిటారుగా కూర్చుని, ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని ఉంది. పెదవులు నల్లబడ్డాయి. దగ్గితే గులాబిరంగు నురగ. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టగానే మృణాళినికి అర్థమైపోయింది. కాన్పు గుండెను దెబ్బతీసింది. ఊపిరితిత్తుల నిండా నీరు. ఆక్సిజన్, ఇంజెక్షన్ అని కేకలు వేశారు. ఆ కంగారులోనే "బల్లమీద పడుకోబెట్టండి" అని కూడా అన్నారు.

చిన్నమ్మడు ఆమె మణికట్టు పట్టుకుంది. "తొంగోబెట్టకమ్మా."

పడుకోబెట్టారు. తిరిగి లేపి కూర్చోబెట్టేలోగా మణికట్టు మీది పట్టు సడలిపోయింది.

బయట అత్తగారి ఒళ్లో పసిపిల్ల పాలకోసం ఏడుస్తోంది. జబ్బేమిటో మృణాళిని చెబుతుంటే అప్పలసూరి తలవంచుకుని అంతా విన్నాడు. తర్వాత, కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టే అడిగాడు: "మరి, తను మీకు సెప్పానందే?"

విశారద గురువుకు ఒక దారి వదులుతున్నట్టుగా, "అప్పటికి ఆ జబ్బు సంగతి మీకు తెలిసుండదు మేడమ్" అంది.

"తెలుసు" అన్నారు మృణాళిని. "పరీక్షలో అడిగారు. ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు వచ్చాయి."