పెళ్లివారి చెరువు

అనగనగా ఒక దేశం. ఎంత పెద్ద దేశమంటే, ఈ మూల కోడి కూస్తే ఆ మూలవాళ్లు నాలుగోనాడు నిద్ర లేచేవారు.

ఆ దేశాన్ని వేగవర్మ అనే రాజు ఏలేవాడు. ఏలేవాడంటే కూర్చుని కాదర్రా, పరిగెత్తుతూ ఏలేవాడు! పుట్టింది మొదలు పది లెక్కపెట్టేంతసేపు ఒకచోట నిలబడి ఎరగడు. తిండి కూడా నడుస్తూనే. వెనకాల విస్తరి పట్టుకుని ఒకడు, నీళ్లచెంబు పట్టుకుని ఒకడు రొప్పుతూ ఉరికేవారు. ఆయన తొక్కిడికి కోటలో రాతిమెట్లు అరిగి అప్పడాలైపోయాయి.

అంతటి రాజుకీ ఒక బలహీనత ఉంది. అది బొచ్చెచేప తలకాయ పులుసు.

రాజుగారి చేపలు కొలనుపాడులో తొమ్మిది చెరువుల్లో పెరిగేవి. వాటిని నూకాలు అనే ఆవిడ కాసేది. ఆమె తాతముత్తాతలు పుట్టిందీ పోయిందీ ఆ గట్ల మీదే.

ఆ దేశంలో ఒక ఆచారం ఉండేది. ఏటా తొలివల వేసిన రోజున పడిన చేపల్లో అన్నిటికన్నా పెద్దది కోటకు. దాని తర్వాతది మంత్రిగారింటికి. ఆ తర్వాతవి వియ్యాలవారికి, వియ్యాలవారి వియ్యాలవారికి. ఎవరికీ అక్కర్లేని పీలచేపలు మళ్లీ నీళ్లలోకి. తొలకరికి గుడ్లు పెట్టేవి అవే.

మరి ఏమవుతుంది? రాజుగారి తాతగారి కాలంలో బొచ్చె తలకాయ వండటానికి గంగాళం చాలక, పెరట్లో నుయ్యి తవ్వి అందులో పులుసు కాచారట. వేగవర్మ కాలానికి చేప జానెడైపోయింది. పిల్లి కూడా ఒకసారి చూసి, తోక తిప్పుకుని పోయేది.

ఒకనాడు రాజు చెరువుల దగ్గరికే పరిగెత్తుకొచ్చాడు.

"నూకాలూ! తవుడు కొండలు కొండలుగా పోయిస్తున్నాను. చేపలు ఎదగవేం? ఎవడా దొంగ?"

నూకాలు ఆయన వెంట గట్టు మీద పరిగెత్తుతూనే జవాబు చెప్పింది. "దొంగ మీ విస్తరే దొరా! ఎదిగేదాన్ని తినేసి, ఎదగనిదానికి పెళ్లి చేస్తున్నాం. పీలదానికి పీలదేగా పుట్టేది!"

"అయితే రేపటికి పెద్దవి కావాలి!"

"రేపటికి కాదు, మూడు తొలకరులు కావాలి. నేను ఏరిన చేపని ఎవరూ తినకూడదు. మూడో తొలకరికి పుట్టిన పిల్లలు ఏడాది తిరిగేసరికి మూరెడు ఎదక్కపోతే..."

"ఎదక్కపోతే చెరువులు వదిలి దేశం దాటు!" అంటూ రాజు అప్పటికే మూడో గట్టు దాటేశాడు.

నూకాలు పని మొదలుపెట్టింది. ఒకే రోజు పుట్టి, ఒకే తవుడు తిన్న చేపల్లో తొందరగా ఎదిగినవాటిని ఏరింది. ఒక్క చెరువులోంచి కాదు, తొమ్మిదింటిలోంచీ ఏరింది. ఎందుకంత ప్రయాస అన్నవాళ్లను, "మీ ఇళ్లలో అన్నకీ చెల్లికీ పెళ్లి చేస్తారేంటి?" అని దెప్పింది. గుర్తుగా రెక్క కొస కత్తిరించి, వాటినన్నిటినీ వేరే చెరువులో వదిలింది. ఊరు దానికి పెళ్లివారి చెరువని పేరు పెట్టింది.

మొదటి ఏడు కోట వంటవాడు గుర్నాథం గంప పట్టుకొచ్చాడు.

"వదినా, ఒక్కటంటే ఒక్కటివ్వు! ఇది చేపా, చింతపండు పిప్పా అని రాజుగారు గిన్నె నా నెత్తిన బోర్లించారు."

"పెళ్లికూతుర్ని పులుసు పెడతావా గుర్నాథం? పీలవి పట్టుకుని పో."

రెండో ఏటికి చేపలు జానెడు మీద నాలుగు వేళ్లు పెరిగాయి. రాజుగారి బావమరిది నలభై ఏనుగులతో విందుకు దిగాడు. ఈసారి గుర్నాథం బల్లెపువాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. నూకాలు నడుంలోతు నీళ్లలో దిగి అడ్డం నిలబడింది.

"నాయనలారా, మీ ఇంట్లో తిండిగింజలు నిండుకుంటే విత్తనాల గాదె విప్పుతారా?"

బల్లెపువాళ్లందరూ రైతుబిడ్డలే. మొహాలు చూసుకుని బల్లేలు దించేశారు. నలభై ఏనుగులతో వచ్చిన బావమరిది వంకాయకూర తిని వెళ్లాడు.

మూడో ఏడు, మబ్బులు కమ్ముకొస్తున్న వేళ, రాజే వచ్చాడు. తలకాయ పులుసు మొహం చూసి మూడేళ్లయింది మరి! కిరీటంతోనే నీళ్లలోకి దూకి, వల విసిరి, అన్నిటికన్నా పెద్ద తల్లిచేపను పట్టేశాడు.

"చాలు నీ పెళ్లిళ్లు! ఇది ఇవాళే పొయ్యెక్కాలి!"

నూకాలు గబగబా నీళ్లలోకి దిగింది. అది పోతే మూరెడు చేప మాట తప్పుతుంది. మాట తప్పితే గట్టు పోతుంది.

"అలాగే దొరా. అయితే వంటకు పంపేముందు, నీళ్లలోనే రెండు చేతులా పట్టుకుని కదలకుండా పది లెక్కపెట్టండి."

"పదేనా! అదెంతసేపు!"

ఒకటి అన్నాడు. అరికాలు దురద పెట్టింది. రెండు అన్నాడు. మోకాలు దానంతటదే ఎగిరింది. మూడుకి కిరీటం ముక్కు మీదికి జారింది. పళ్లు బిగించి నాలుగు, అయిదు, ఆరు అన్నాడు. ఏడు దగ్గర అరచేతులకు బరువు తెలిసింది.

"ఇదేంటే నూకాలూ, ఇంత బరువు?"

"కడుపునిండా గుడ్లు దొరా. వదిలితే దేశమంతటికీ పులుసు. వండితే మీకొక్క గిన్నె."

ఎనిమిది. తొలకరి చినుకొకటి ఆయన చేతి మీద పడింది. తొమ్మిది. పది అనకుండానే రాజు చేతులు విప్పాడు. చేప సర్రున జారిపోయింది.

ఏడాది తిరిగింది. తొలివల రోజు. మాట నిలబడకపోతే వెళ్లిపోదామని నూకాలు మూట కట్టుకుని గట్టు మీద కూర్చుంది. రాజు కొత్తచేప పక్కన మోచెయ్యి ఆనించి చెయ్యి చాపాడు. నన్నడిగితే ఆ చేప తాటిచెట్టంత ఉందంటాను. కానీ పక్కనే నూకాలు చూస్తోంది కాబట్టి ఉన్నమాటే చెబుతున్నా, మూరా నాలుగు వేళ్లు.

రాజే వంగి మూట విప్పాడు. అన్నిటికన్నా పెద్దచేపను తన చేతులతోనే పెళ్లివారి చెరువులో వదిలాడు. ఆనాటినుంచి తొలివలలో పెద్దది నీళ్లకు, దాని తర్వాతదే కోటకు. ఆ పూట పులుసు మాత్రం కూర్చుని తిన్నాడట!

మేలైనదాన్ని విత్తనానికి విడిచినవాడి ఇంట మేలే పెరుగుతుంది. ఆగలేక దాన్నే వండుకున్నవాడికి చివరికి పీలదే మిగులుతుంది.