విసుర్రాయి నడుం వాల్చిన పూట

అనగనగా ఒక ఊళ్ళో, ఊరి పేరు అడక్కండి, నాకే గుర్తులేదు, పైడితల్లి అని ఓ కోడలుండేదర్రా. కోటలో రాజుగారికి సాయంత్రం సున్నుండ పడకపోతే కాళ్ళూ చేతులూ ఆడవుట. ఆ సున్నుండలకి మినుములు విసిరే పని పైడితల్లిది. పాట పాడుతూ విసిరేది, పొద్దెక్కేసరికి బుట్టెడు పిండి.

బాగా విసిరింది కదా అని కోటవాళ్ళు రెండు బుట్టలు అడిగారు. రెండూ ఇచ్చింది కదా అని నాలుగు అడిగారు. అత్తగారు అప్పలనరసమ్మకి కాదనడం చేతకాదు. బాగా చేసేవాళ్ళ నెత్తినే ఇంకాస్త పని పెడతారు, నేనెరగనిదా. ఊ కొడుతున్నారా?

పైడితల్లి కోడి కూయకముందు కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేచేది కాదు. అయినా పిండి తగ్గిపోతూనే వచ్చింది. నాలుగు బుట్టలు మూడయ్యాయి, మూడు రెండయ్యాయి. ముందు పాట పోయింది. తర్వాత ఆకలి పోయింది. తన చంటిపిల్ల నవ్వితే తిరిగి నవ్వడం కూడా పోయింది. ఓ రోజు పిడి మీద చెయ్యేసింది, చెయ్యి కదల్లేదు. ఏడుపు కూడా రాలేదు పాపం.

చెయ్యి కదలదు, రాయి తిరగదు. రాయి తిరగదు, పిండి రాలదు. పిండి రాలదు, ఉండ కట్టరు. ఉండ కట్టకపోతే రాజు ఊరుకోడు. గురువారానికి నాలుగు బుట్టల పిండీ కోటకి చేరకపోతే పుట్టింటికి పంపేస్తానని అత్తగారు తేల్చి చెప్పేసింది.

సరిగ్గా అప్పుడే రోళ్ళకీ విసుర్రాళ్ళకీ కక్కు కొడతానంటూ ఓ ముసలాయన వీధిలో కేకేశాడు. అరిగి నున్నబడిన రాతిని ఉలితో గరుకు చేస్తాడన్నమాట. ఓ పూట పని చెడుతుందని అత్తగారు రెండేళ్ళుగా ఆయన్ని గుమ్మం ఎక్కనివ్వలేదు. ఈసారి పైడితల్లే లేచి పిలిచింది. ఆయన పై రాయి ఎత్తి అరచేత్తో నిమిరాడు.

"ఇందులో ఇంక గింజ నలగదమ్మా, నువ్వే నలుగుతున్నావు" అన్నాడు.

అత్తగారు గోల పెడుతూనే ఉంది, ఆయన టకటకా కొడుతూనే ఉన్నాడు. పైడితల్లి ఆ చప్పుడులోనే చాప పరుచుకుని ఒళ్ళెరక్కుండా నిద్రపోయింది. లేచి విసిరితే దీపాలవేళకే రెండు బుట్టలు నిండాయి. గురువారానికి నాలుగూ కోటకి చేరాయి.

ఒక్క నిద్రతో బాగుపడిపోయిందనుకోకండి. అందుకే ఓ కట్టుబాటు పెట్టుకుంది. బుట్ట నిండగానే పై రాయి తీసి గోడకి ఆనించెయ్యడమే. తినాలి, పిల్లని ఆడించాలి, కాస్త నడుం వాల్చాలి, అప్పుడే మళ్ళీ రాయి ఎక్కించడం. అమావాస్యకి కక్కు, ఆ రోజు అసలు పనే లేదు.

కోట బంట్రోతు వచ్చి, రాయి ఖాళీగా ఉందేమిటని కేకలేశాడు. అత్తగారు గబగబా రాయి ఎక్కించబోయింది. పైడితల్లి తొణకలేదు.

"ఆపకుండా తిప్పితే రాయి అరిగి పిండిలో పడుతుంది బాబూ. పంటి కింద రాయి కావాలో, పూట ఆలస్యం కావాలో రాజుగారినే అడిగి రండి" అంది.

రాజుగారికి ఉన్నవి ఆరే పళ్ళు. ఆలస్యమే కావాలన్నాడు, రోజుకి రెండు బుట్టలే చాలన్నాడు.

పది రోజులకి ఆకలి వచ్చింది. నెలకి నవ్వు వచ్చింది. పాట మాత్రం బాగా ఆలస్యంగా వచ్చింది. రాయి గోడకి ఆనించి ఉంది, పిల్ల ఒళ్ళో ఉంది, తనకి తెలీకుండానే పైడితల్లి పాడేస్తోంది. అప్పుడే బంట్రోతు పిండికని వచ్చాడు. అత్తగారు గుమ్మంలోనే ఆపి, రాయి పడుకుంది, చప్పుడు చెయ్యకుండా అరుగు మీద కూర్చోమని చెప్పి, తనూ కాళ్ళు చాపుకుంది.

రాతికే ఓ పూట కావాలిట, మనిషికి అక్కర్లేదూ? ఒళ్ళు పడిపోయాక అడుక్కునేది కాదర్రా అది, పనిలోనే కలిపి పెట్టుకోవాలి. కథేమో కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.