బసవమ్మ అడిగిన ఫొటో

రేపల్లెలో ముప్పై ఏళ్లుగా పెళ్లి ఫొటోలు తీస్తున్న పానకాలు మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యుడు తెలియక అడిగితే అక్కడికక్కడే చెబుతారు. తెలిసీ, తెలుసని చూపించుకోవడానికి అడిగితే మాత్రం చెప్పులేసుకుని బయటికి నడుస్తారు. అడిగినవాడు వెంట వెళ్లాల్సిందే.

శివకోటి అడిగింది ఆ రెండో రకం ప్రశ్న. పనిలో చేరి నెలైనా కాలేదు, మాఘమాసం ముహూర్తాలొస్తున్నాయని సొంతంగా ఓ హార్డ్ డిస్కు కొన్నాడు. కొన్నవాడు ఊరుకోక, దాన్ని తెచ్చి మాస్టారి బల్ల మీద పెట్టి, "ఫొటోలు ఎన్ని చోట్ల దాస్తే భద్రం మాస్టారూ? మూడు చోట్లేగా?" అన్నాడు. మాస్టారు లేచి చెప్పులేసుకున్నారు.

దారిలో ఆయన చెప్పిన సంగతి ఇది. కిందటి శ్రావణంలో ఇడ్లీబండి బసవమ్మ కూతురు హిమజ పెళ్లికి ఆయనే ఫొటోలు తీశారు. పెళ్లయిన వారానికి బసవమ్మ స్టూడియోకి వచ్చింది. అప్పగింతలప్పుడు కూతురు తన భుజం మీద తల వాల్చిన ఫొటో ఒక్కటి ఇప్పించమంది. ఆల్బమ్‌లో ఏ ఫొటోలు వెయ్యాలో మగపెళ్లివారు ఇంకా ఏరి పంపలేదు. మాస్టారు నవ్వి, "మీ ఇంట్లో ఉంటే ఎలుకలు కొట్టేస్తాయి బసవమ్మా. నా దగ్గర మూడు చోట్ల ఉంటాయి. ఆల్బమ్‌తో పాటే ఇస్తాలే" అని పంపేశారు. అన్న మాటలో అబద్ధం లేదు. ఒక డిస్కు స్టూడియోలో, ఒకటి ఇంట్లో, ఒకటి బావమరిది మందులషాపులో ఉండేవి. అంత జాగ్రత్త మనిషి.

ఆ జాగ్రత్త మనిషే దసరాకి ఆయుధపూజ పెట్టుకున్నారు. కెమెరాలూ లైట్లూ అమ్మవారి ముందు సర్ది, అన్నం పెట్టేవాటిలో ఇవీ ఉన్నాయి కదా అని బయట ఉన్న రెండు డిస్కుల్నీ కూడా తెప్పించారు. మూడింటినీ పీట మీద పేర్చి బొట్లు పెట్టి, దీపం వెలిగించి, తాళమేసి భోజనానికి ఇంటికి వెళ్లారు. ఫొటోలకి వెనక వేలాడదీసే తెర ఆ దీపానికి అంటుకుంది. ఫైరింజన్ వచ్చేసరికి మూడూ కరిగి పీటకి అతుక్కుపోయి ఉన్నాయి. కెమెరా కార్డులు అప్పటికే తుడిచేసి వేరే పెళ్లిళ్లకి వాడేశారు.

కార్తీకంలో హిమజ డెంగీ జ్వరంతో పోయింది. పెళ్లయి నిండా నాలుగు నెలలు కాలేదు. బంధువుల ఫోన్లలో పెళ్లికూతురు వందసార్లుంది, పక్కన తల్లి మాత్రం ఎవరి ఫోన్లోనూ లేదు. ఇడ్లీబండి ఆవిణ్ణి ఫొటో తియ్యాలని ఎవరికి తోస్తుంది? పెద్దకర్మ అయిన మర్నాడు బసవమ్మ ఆ ఒక్క ఫొటో కోసం వచ్చింది.  మాస్టారు డిస్కులు హైదరాబాదు పంపామని, బాగుచేస్తారని అన్నారు. పంపిన మాట నిజమే. ఇక పనికిరావని అవి తిరిగొచ్చి అప్పటికే నెలయింది. ఆ సంగతి మింగేశారు. రెండు నెలలుగా మింగుతూనే ఉన్నారు.

ఇన్నాళ్లూ ఒంటరిగా వెళ్లలేని చోటికి తనని తోడు తీసుకెళ్తున్నారని శివకోటికి అప్పటికిగాని అర్థం కాలేదు.

బసవమ్మ బండి పక్కన కూర్చుని గిన్నెలు తోముతోంది. మాస్టారిని చూడగానే లేచి, చేతులు కొంగుకి తుడుచుకుని, "వచ్చిందా మాస్టారూ?" అంది. ఆవిడ మొహంలో ఆశ చూడలేక శివకోటి తల దించుకున్నాడు.

"రాదమ్మా" అన్నారు మాస్టారు. "నాకెప్పుడో తెలుసు. చెప్పే ధైర్యం లేక తిప్పాను."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని శివకోటికి అనిపించింది. "మా ఇంట్లో ఉంటే పోద్దన్నారు గదండీ" అంది. అని, మళ్లీ గిన్నెల ముందు కూర్చుంది.

ఇద్దరూ వెనక్కి బయల్దేరారు.  ఇంత చూశాక పాఠం పట్టుకోలేదనిపించుకోవడం బాగుండదని శివకోటి, "అయితే ఏ పూజకైనా సరే, మూడింటినీ ఒకచోట చేర్చకూడదన్నమాట" అన్నాడు.

మాస్టారు నడక ఆపలేదు.

"దసరాకి చేర్చిందేముందిరా. మొదట్నుంచీ ఒకచోటే ఉన్నాయి. నా దగ్గర."