చెలమ కప్పడం మరిచిన దుప్పి

పార్థివ నామ సంవత్సరం వేసవిలో నల్లకొండ అడవిలో వాగులన్నీ ఎండిపోయాయి. దుప్పులకు, కుందేళ్ళకు, ముళ్ళపందులకు, అడవికోళ్ళకు వాగు ఇసుకలో తవ్వుకున్న చెలమ ఒక్కటే దిక్కయింది. రాత్రిపూట గాలి లేస్తే ఇసుక జారి ఆ గుంత పూడిపోతుంది. అందుకని పొద్దు వాలే వేళకు ఆకుల కొమ్మలు లాగి దాన్ని కప్పాలి. రోజుకొకరి వంతు.

దుప్పుల మందకు పెద్ద గవ్వలయ్య. అతని కూతురు చుక్కి, ఈమధ్యనే పాలు మానిన కూన. తన వంతు వచ్చిన రోజు చుక్కి ఆటస్థలం నుంచి ఇంటికొచ్చే దారికి అడ్డంగా ఒక మోదుగ కొమ్మ పడేసింది.

"ఇదేంటే, దారిలో ఈ చెత్త?" అన్నాడు గవ్వలయ్య.

"ఆటలో పడితే నాకు ఒళ్ళు తెలియదు నాన్నా. పాలు మానేదాకా అమ్మ కేకేసి చెప్పేది. ఇప్పుడు ఈ కొమ్మ కాలికి తగిలితే చెలమ గుర్తొస్తుంది."

గవ్వలయ్య పడీ పడీ నవ్వాడు. "పిల్ల బుర్రలకు కావాలమ్మా ఇవన్నీ!"

పక్కనే వేర్లు నములుతున్న ముళ్ళపంది అవ్వ తలెత్తింది. "నవ్వకు గవ్వలయ్యా. దానికి ఉన్నది ఒకటే పని, ఆటలో పడి మరుస్తుంది. నీకు మందంతా నెత్తి మీదే ఉంది, పనుల్లో పడి మరుస్తావు. ఇంత వయసొచ్చినా నేను వాకిట్లో రాయి పెట్టుకుంటాను."

"నీకు చాదస్తం ముదిరిందిలే అవ్వా!"

మరునాడు గవ్వలయ్య వంతు. పొద్దున లేవగానే అతనికి ఆ సంగతి గుర్తుంది. మధ్యాహ్నం కూడా గుర్తుంది. పొద్దు వాలే వేళకు ఇప్పచెట్ల కింద రెండు మగదుప్పులు కొట్టుకున్నాయి. వాటిని విడదీశాడు. తగవు తీర్చాడు. అందరూ తన తీర్పును మెచ్చుకుంటుంటే వింటూ అక్కడే నిద్రపోయాడు.

తెల్లారి చూస్తే చెలమ లేదు. ఇసుకే ఉంది.

"నిన్న పగలంతా గుర్తే ఉంది అవ్వా," అన్నాడు గవ్వలయ్య నీరసంగా.

"చేయాల్సిన గడియలో గుర్తుండాలి నాయనా," అంటూ అవ్వ తవ్వడం మొదలుపెట్టింది.

మళ్ళీ నీరు ఊరేదాకా కూనలు ఆగలేవు. మంద, పులి తిరిగే లోయ దాటి, ఇంకా నీళ్ళున్న పెద్దేటికి వెళ్ళింది. నీళ్ళు తాగి తిరిగొచ్చింది.

చుక్కి రాలేదు.

నీతి: చేయాల్సిన పనికి గుర్తు పెట్టుకోవడం పిల్లతనం కాదు, పనులు పెరిగిన పెద్దలకే అది ఎక్కువ అవసరం.