పులిమడుగు బదిలీ

వెనకటికి ఒకానొక రాజ్యాన్ని జయకేతనుడనే రాజు ఏలేవాడు. తన ఏలుబడిలో ఒక్కణ్ణి కూడా ఉరి తీయించలేదని ఆయనకు మహా గర్వం. నిజమే, తీయించలేదు. ఎదురు చెప్పిన ఉద్యోగిని పులిమడుగు ఠాణాకు బదిలీ చేసేవాడు. నట్టడవిలో ఉన్న ఆ ఠాణాకు వెళ్ళినవాళ్ళు చలిజ్వరం పట్టి అక్కడే పోయేవాళ్ళు.

బొల్లన ఆ రాజుగారి కాలువల అధికారి. ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. ఉన్న కాసిని నీళ్ళు తన మామిడితోటకు మళ్ళించమని రాజుగారి బావమరిది మారభూపతి కబురంపాడు. దిగువ ఊళ్ళలో తాగడానికే చుక్క లేదని బొల్లన ఒప్పుకోలేదు. మర్నాడే బదిలీ ఆజ్ఞ వచ్చింది.

ఆ మాట విని అతని భార్య అక్కమ్మ గుమ్మంలోనే కూలబడింది. ఆమె అన్న పోయింది పులిమడుగులోనే.

"నువ్వూ పిల్లలూ ఇక్కడే ఉండండి" అన్నాడు బొల్లన.

"ఉండి? మా వదినలాగా దారి చూస్తూ కూర్చోమంటారా?"

బొల్లన తిన్నగా కొలువుకు వెళ్ళి, ఆజ్ఞ రద్దు చేయమని మొరపెట్టుకున్నాడు.

రాజు మీసం దువ్వాడు. "బదిలీ శిక్ష కాదోయ్, పాలన అవసరం. ఎవణ్ణి ఎక్కడ ఉంచాలో నా ఇష్టం. ఏమంటారు ధర్మాధికారిగారూ?"

ముసలి ధర్మాధికారి తల వంచుకున్నాడు. "చిత్తం. మరణదండనకైతే విచారణ జరపాలి. బదిలీకి అక్కర్లేదు."

బొల్లన చేతులు జోడించాడు.

"అయితే ఒక్క మనవి ప్రభూ. అంత అవసరమైన ఠాణాకు నాబోటివాడు చాలడు. మారభూపతిగారు సమర్థులు, తమకు నమ్మకస్తులు. వారినే పంపండి. శిక్ష కాదు గదా!"

మారభూపతి మొహం పాలిపోయింది. "బావా!" అని కేకపెట్టాడు.

రాజు సింహాసనం మీంచి దిగ్గున లేచాడు. "నోర్ముయ్! వాణ్ణి చావడానికి పంపమంటావా?"



బొల్లన మాట తడబడలేదు. "ఏలినవారే సెలవిచ్చారు. బదిలీ అయితే వెళ్తాను. చావైతే మాత్రం ముందు నా నేరం విచారించండి."

ధర్మాధికారి ఎన్నాళ్ళకో తలెత్తాడు. "విచారణకు నేను సిద్ధం ప్రభూ. నేరం ఏమని చెప్పమంటారు? దప్పికతో ఉన్న ఊళ్ళకు నీళ్ళిచ్చాడనా?"

రాజు ఇద్దరి వంకా చూశాడు, బావమరిది వంకా చూశాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. ఆయనతో కలిసి ఎవరూ నవ్వలేదు.

"నన్ను నా మాటతోనే కట్టేశావు! ఆజ్ఞ రద్దు" అంటూ రాజు తన భుజం మీది జరీ శాలువా తీసి బొల్లనకు కప్పాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"పులిమడుగులో మిగిలినవాళ్ళను వెనక్కి రప్పించండి."

రాజు సరేనన్నాడు. బండ్లు బారులు తీరి వెళ్ళాయి. తిరిగి వచ్చినప్పుడు చాలావాటిలో మనుషులే లేరు. కోటవాకిట కాచుకున్న ఆడవాళ్ళు ఒక్కో బండిలోకీ తొంగిచూసి పక్కకు తప్పుకున్నారు.

చివరి బండిలో ఎముకల గూడులా ఒకతను ముడుచుకుని ఉన్నాడు. బొల్లన తన శాలువా తీసి అతనికి చుట్టాడు. అతని వణుకు మాత్రం ఆగలేదు.